అటక మీద మనిషి

పండుగ సెలవులకు హాస్టలు ఖాళీ అయ్యే రోజు ఎలా వుంటుందో, ఆడపిల్లల్ని పై వూళ్లలో చదివిస్తున్న తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. మెట్లనిండా పెట్టెలు, గేటు దగ్గర ఆటోలు, ఎవరు ఏ బండికి వెళ్లారో ఎవరికీ తెలియదు. ఫలానా అమ్మాయి కనబడదేమని అడిగితే, “ఇంటికి వెళ్లిపోయి వుంటుందండీ” అంటారు. ఇంట్లోవాళ్లేమో, “ఇంకా హాస్టల్లోనే వుండి వుంటుంది” అనుకుంటారు. ఈ రెండు ‘వుంటుంది’ల మధ్య ఒక పూటో, ఒక రోజో గడిచిపోతుంది. అంతసేపూ ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ వుండదు.

సరిగ్గా ఈ సంగతి మీదనే కెనడాలో ఒక సినిమా కథ అల్లారు. 1974లో వచ్చిన ఆ బొమ్మ పేరు ‘బ్లాక్ క్రిస్మస్’. కథ రాసినవాడు రాయ్ మూర్, దర్శకుడు బాబ్ క్లార్క్. దాన్నే 2006లో ఒకమారు, 2019లో ఇంకొకమారు తిరగతీశారు. మూడింటినీ వరసపెట్టి చూశాను. భయపడే సరదా నాకు లేదు సుమండీ! తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని గనుక, ఒకే కథను ముగ్గురు ఎలా చెప్పారో చూడాలన్న యావ తప్పదు. మనకీ ఇది కొత్త కాదు. మాయాబజారు కథ 1936లో తెరమీదికి వచ్చింది. 1957లో మళ్లీ తీసేసరికి జనం పాతదాన్ని మరచిపోయారు. దేవదాసు 1953లో వచ్చింది, 1974లో మళ్లీ వచ్చింది. అక్కడ మరుగున పడింది కొత్తదే. తిరగతీసిన బొమ్మకు ఈ రెండు గతుల్లో ఏది పడుతుందో ముందుగా చెప్పడం కష్టం.

ఇటువంటి బొమ్మల్ని అక్కడివాళ్లు ‘స్లాషర్’ సినిమాలంటారు. కత్తో కొడవలో పట్టిన హంతకుడొకడు, ఒక్కరొక్కరుగా పడిపోయే పడుచువాళ్లు, వెనకాల ఏదో ఒక పండుగ: దినుసులు ఇంతే. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’తో ఈ బాణీకి గిరాకీ విపరీతంగా పెరిగింది. బ్లాక్ క్రిస్మస్ అంతకు నాలుగేళ్లు ముందుది.

కథ చెబుతాను, నెత్తురు సంగతి వదిలేసి. కాలేజీ అమ్మాయిలు కొందరు ఒక పెద్ద పాత ఇంట్లో సంఘంగా వుంటారు. వాళ్ల మంచిచెడ్డలు చూసే పెద్దావిడ ఒకతె వుంది. పుస్తకాల మధ్యా, స్నానాలగదిలోనూ సీసాలు దాచుకుని గుట్టుగా పుచ్చుకుంటూ వుంటుంది. క్రిస్మస్ సెలవులకు అందరూ బయలుదేరే రాత్రి, ఎవడో గోడపట్టి ఎగబాకి అటకలో దూరతాడు. ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్న క్లేర్ అనే అమ్మాయిని చంపి, అటక కిటికీ దగ్గర ఊగే కుర్చీలో కూర్చోబెడతాడు. అందరూ ఆమె ఇంటికి వెళ్లిపోయిందనే అనుకుంటారు. మర్నాడు తండ్రి వచ్చి, రమ్మన్నచోట కాచుకుని, కాచుకుని, చివరికి వెతుక్కుంటూ ఆ ఇంటికి వస్తాడు. పోలీసు స్టేషనులో బల్లవెనక కూర్చున్న సార్జెంటు అతి తేలిగ్గా, ఎవరో కుర్రాడితో పోయి వుంటుందని తేల్చేస్తాడు.

ఇంతలో ఆ ఇంటికి టెలిఫోన్లు వస్తుంటాయి. ఒక్క గొంతులోనే ముగ్గురు నలుగురు మాట్లాడుతున్నట్టు ఏడుపు, తిట్లు, వినరాని కూతలు. ఆఖరుకు పోలీసులు కదిలి, ఫోను ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి ఏర్పాటు చేస్తారు. నాకు మూడు బొమ్మల్లోనూ అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. ఆ రోజుల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మనం డయలు తిప్పిన అంకె అంకెకూ ఒక్కొక్క మీట మెట్లెక్కినట్టు కదిలి, టకటకా కొట్టుకుంటూ వెళ్లి అవతలి తీగను పట్టుకునేది. అటువంటి యంత్రాలు ఒకప్పుడు మన పట్నాల్లోనూ వుండేవి. మాట సాగినంతసేపే ఆ పట్టు వుంటుంది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే మనిషే ఒక మీట నుంచి వెనకటి మీటకు, అక్కడినుంచి ఇంకా వెనకకు, బీరువాల్లా నిలిచిన ఇనపచట్రాల నడుమ పరుగెత్తి చూసుకోవాలి. ఇక్కడ ఆ ఉద్యోగి పరుగెడుతుంటాడు. అక్కడ జెస్ అనే అమ్మాయి ఆ పాపిష్టి మాటలన్నీ చెవిలో పోసుకుంటూ, వాడు పెట్టేయకుండా చూడాలి. వినలేక ఆమె పెట్టేసిందా, ఇతని పరుగంతా వృథా. చివరికి తీగ కొస దొరుకుతుంది. ఫోను వస్తున్నది ఆ ఇంట్లోనే వున్న రెండో టెలిఫోను నుంచి!

వెంటనే బయటికి వచ్చెయ్యమని స్టేషను నుంచి చెబుతారు. జెస్ రాదు. మేడమీద స్నేహితురాళ్లు నిద్రపోతున్నారని ఆమె నమ్మకం. పొయ్యి ఎగదోసే ఇనపకడ్డీ పట్టుకుని మెట్లెక్కుతుంది. జెస్ వేషం వేసింది ఒలీవియా హస్సీ. 1968 నాటి ‘రోమియో అండ్ జూలియట్’లో జూలియట్ ఈవిడే.

హంతకుడి మొహం మనకు చూపరు. తలుపుసందులో ఒక కన్ను, అంతే. వాడెవడో, ఎందుకు చంపుతున్నాడో, ఎవరిమీద కక్షో ఒక్క ముక్క చెప్పరు. ముగింపు మార్చమని పంపిణీదారులైన వార్నర్ బ్రదర్స్‌వారు అడిగినా క్లార్క్ ఒప్పుకోలేదు. ఇదే మహానుభావుడు 1983లో ‘ఎ క్రిస్మస్ స్టోరీ’ అనే వినోదచిత్రం తీస్తే, అమెరికాలో అది ఏటా పండుగనాడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే బొమ్మ అయి కూర్చుంది.

ఇక 2006 నాటిది. దర్శకుడు గ్లెన్ మోర్గన్. కార్యనిర్వాహక నిర్మాతల్లో క్లార్క్ పేరు కూడా వుంది. మొదటి బొమ్మలో విద్యార్థినిగా వేసిన ఆండ్రియా మార్టిన్ ఇందులో ఇంటి పెద్దావిడగా కనిపిస్తుంది. చూసి ముచ్చటపడ్డాను. ముచ్చట అంతటితో సరి. అమెరికాలో దీన్ని సరిగ్గా క్రిస్మస్ రోజునే విడుదల చేశారు, కొన్ని మతసంస్థలు అభ్యంతరం చెప్పాయి కూడా. పండుగ సంగతి అలా వుంచండి. వెనకటి బొమ్మ దాచినదాన్నంతా ఇది బయటపెట్టింది. హంతకుడి పేరు బిల్లీ. పుట్టుకతో కాలేయవ్యాధి, పసుపుపచ్చని ఒళ్లు. తల్లి తండ్రిని చంపింది, కొడుకును అటకలో బంధించింది. ఆ పైన ఇంట్లోవాళ్లు వినగూడని సంగతులు మరికొన్ని. ఇవన్నీ తెలిశాక వాడిమీద కాస్త జాలి, బోలెడు రోత కలుగుతాయి. భయం మాత్రం పోతుంది. కారణం తెలిసినవాడు ఆ కారణం లేని ఇళ్లకు రాడు గదా! 1974 నాటివాడు ఏ ఇంటికైనా వస్తాడు.

2019 బొమ్మను సోఫియా తకాల్ తీసింది. ఏప్రిల్ వుల్ఫ్‌తో కలిసి రాసింది. ఇద్దరూ స్త్రీలే. చిత్రీకరణ న్యూజిలాండులో. టెలిఫోన్లకు బదులు సెల్‌ఫోనులో సందేశాలు వస్తాయి. నాయిక రైలీ మీద ఒక కుర్రాళ్ల సంఘానికి పెద్దగా వుండినవాడు అత్యాచారం చేశాడు, ఎవరూ ఆమెను నమ్మలేదు. ఇక్కడ ఒక హంతకుడు కాదు, కాలేజీ వ్యవస్థాపకుడి శిలావిగ్రహం నుంచి కారే నల్లని ద్రవం వొంటికి పట్టిన కుర్రాళ్ల గుంపు. పదమూడు దాటిన ఆడపిల్లలు కూడా చూడాలని నెత్తురు తగ్గించారు. చాలామంది విమర్శకులు ఇది ఉపన్యాసం అన్నారు. కొంత నిజమే. ఆ నల్ల ద్రవం నాకూ మింగుడు పడలేదు. దుర్మార్గానికి మంత్రం కారణమైతే ఇక కుర్రాళ్ల తప్పేముంది? తాను చెప్పదలచినదాన్ని ఆ విగ్రహమే చెడగొట్టింది.

కాని ఒక్క ఘట్టానికి మాత్రం నేను ఆ బొమ్మకు రుణపడి వున్నాను. స్నేహితురాలు కనబడటం లేదని రైలీ కాలేజీ భద్రతా ఉద్యోగి దగ్గరకు వెళుతుంది. అతడు చెప్పే సమాధానం, 1974లో బల్లవెనక సార్జెంటు చెప్పిన సమాధానమూ దాదాపు ఒకటే. ఎవడితోనో వుంటుంది, వస్తుందిలే. మధ్యన నలభై అయిదేళ్లు గడిచాయి.

మూడేళ్లపాటు హాస్టలు వార్డెను పని నా నెత్తిన వుండేది. ఒక సంక్రాంతి ముందు, రాత్రిపూట ఎవడో ఫోనుచేసి ఏమీ మాట్లాడకుండా వింటున్నాడని ఒక పిల్ల వచ్చి చెప్పింది. ఆమెను వెంటబెట్టుకుని వెళితే, ఫిర్యాదు రాసుకోవలసిన ఆయన, “మాట్లాడలేదు గదమ్మా, ఇంకేం?” అన్నాడు. రాసుకునేదాకా లేవనని కూర్చుంటే, గంటన్నరకు రాసుకున్నాడు. అమ్మాయి మరునాడు తండ్రితో వూరికి వెళ్లింది. నాకు కథ అంతవరకే తెలుసు.

తకాల్ నోటితో చెప్పించినది క్లార్క్ బొమ్మలో చెప్పకుండానే వుంది. జెస్ గర్భవతి. బిడ్డ వద్దని ఆమె నిశ్చయం. పియానో నేర్చుకుంటున్న పీటర్, చదువు మానేసి పెళ్లిచేసుకుందామని పట్టుబడతాడు, అరుస్తాడు, బెదిరిస్తాడు. ఆమె గొంతు పెంచకుండా కాదంటుంది. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం హక్కును గుర్తించింది 1973 జనవరిలో. ఆ తీర్పును 2022లో అదే కోర్టు కొట్టివేసింది. మన దేశంలో 1971లోనే దానికి చట్టం వచ్చింది. ఆ నేపథ్యం తెలిసి చూస్తే, ఆ అమ్మాయి నెమ్మదిగా అన్న ‘వద్దు’కు ఎంత బరువుందో తెలుస్తుంది. ఆమెను శిక్షించడానికి కథ పూనుకోదు. ఇటువంటి బొమ్మల్లో అది అరుదు.

పీటర్ హంతకుడని జెస్ అనుకుంటుంది, పోలీసులూ అదే అనుకుంటారు. నేలమాళిగలో అతడు ఆమె చేతిలో చనిపోయి దొరుకుతాడు. కేసు తేలిపోయిందని అందరూ వూపిరి పీల్చుకుంటారు. డాక్టరు జెస్‌కు మందిచ్చి పడుకోబెడతాడు. క్లేర్ తండ్రి ఆ గదిలోనే వున్నాడు. కూతురికోసం తిరిగిన మనిషి, అక్కడే స్పృహ తప్పి పడిపోతాడు. ఆసుపత్రికి తీసుకుపోవాలని అందరూ ఆయన చుట్టూ మూగి, మోసుకుంటూ మెట్లు దిగుతారు. ఆయన కూతురు ఆ కప్పు పైనే, అటకలో, కిటికీ వైపు మొహం పెట్టి ఊగే కుర్చీలో కూర్చుని వుంది. అటక ఎక్కి చూడాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. మందు మత్తులో వున్న జెస్ ఒక్కతే లోపల, వాకిట్లో ఒక పోలీసు. కాసేపటికి ఆ ఇంట్లో టెలిఫోను మోగడం మొదలుపెడుతుంది.