కంపెనీలది బేరం, కొట్లాట మనది

సినిమా హీరోల అభిమానులు కటౌట్ల ఎత్తు దగ్గర తగాదా పడడం మన తెలుగువాళ్ళకు కొత్తగాదు. అయితే హీరో మనిషి. నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. నోరూ వాయీ లేని యంత్రం కోసం చదువుకున్న యువకులు గొంతులు చించుకోవడమెందుకు? మన హాస్టల్లో ఏ రాత్రయినా చూడండి. ఒకాయన ఆపిల్ వాడు, ఇంకొకాయన విండోస్ వాడు. వీళ్ళిద్దర్నీ చూసి మూలన కూర్చుని నవ్వుకునే మూడో ఆయన లైనక్స్ వాడు. మెస్సులో పప్పు నీళ్ళగా ఉందంటే క్షణంలో ఏకమయ్యే వీళ్ళు ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకం కారు. ఈ విచిత్రానికి కారణాలేమిటో సైన్సు విద్యార్థిగా కొంచెం పరిశీలిద్దామని నా ప్రయత్నం.

మొదట ఒక సంగతి గమనించాలి. కంప్యూటరుతో పాటే అభిమానులు పుట్టలేదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసిన టి.డి.సి. కంప్యూటర్లు పరిశోధనాలయాలకు, పెద్ద సంస్థలకు వెళ్ళేవి. ఆఫీసు సొమ్ముతో వచ్చిన యంత్రం మీద ఎవరికి మమకారం? మనిషి తన జేబులోని డబ్బు పెట్టి, అదీ ఒక్కటంటే ఒక్కటే కొనుక్కునే రోజు వచ్చాక గాని ఈ అభిమానం మొదలు కాలేదు.

ఇది నాకు బాగా అర్థమయ్యేది ట్రాక్టర్ల వల్ల. మాది కిష్టారెడ్డిపేట, వ్యవసాయ కుటుంబం. చుట్టూ ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు లేచినా మావాళ్ళు ఇంకా దున్నుతూనే ఉన్నారు. మా పెద్దనాయినది ఎర్ర మహీంద్రా, మా మేనమామది నీలం స్వరాజ్. ఇద్దరూ ఒకచోట చేరితే చాయ్ చల్లారిపోవలసిందే. “బురదల నా బండి లెక్క గుంజి సూపెట్టు బామ్మర్దీ” అని ఆయన. “ఒక్క డబ్బ డీజిలుకు నేను దున్నినంత దున్ని సూపెట్టు బావా” అని ఈయన. స్వరాజ్ తయారు చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా కంపెనీ 2007లోనే కొనేసింది. ఎర్రదైనా, నీలమైనా లాభం చేరేది ఒక్క ఇంటికే! ఈ మాట నేను చెబితే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మరునాడు మళ్ళీ మొదలు పెట్టారు.

ఎందుకిట్లా? మానసిక శాస్త్రం రెండు కారణాలు చెబుతుంది. మొదటిది, పెద్ద మొత్తం పెట్టి ఒకదాన్ని ఎంచుకున్నాక “తప్పు చేశానా?” అనే అనుమానాన్ని మనసు భరించలేదు. ఫెస్టింజర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1957లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. అదే యేడు జరిగిన ఒక పరిశీలనలో, కొత్తగా కారు కొన్నవాళ్ళు కొందామనుకుని వదిలేసిన కార్ల ప్రకటనలకంటె, తాము కొన్న కారు ప్రకటనలనే ఎక్కువగా చదువుతున్నట్టు తేలింది. అంటే ప్రకటన కొనబోయేవాడికే కాదు, కొన్నవాడికి కూడా కావాలి. కాకి పిల్ల కాకికి ముద్దు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

రెండవది గుంపు. టాజ్ఫెల్ అనే ఆయన ఇంగ్లండులో బడిపిల్లలను రెండు గుంపులు చేశాడు. వాళ్ళకు నచ్చిన చిత్రకారుణ్ణిబట్టి విడదీశామని చెప్పాడుగాని, నిజానికి ఏదో వంకతో చేసిన విభజన అది. తర్వాత డబ్బు పంచమంటే పిల్లలు ముఖం కూడా తెలియని తమ గుంపువాడికే ఎక్కువ ఇచ్చారు. తమకు కొంత తగ్గినా ఫరవాలేదు, ఎదుటి గుంపుకు ఇంకా తగ్గాలని చూశారు! 1970లో వెలువడిన ఈ ప్రయోగం చదివితే మన కాలేజీ రాజకీయాలు కూడా కొంత అర్థమవుతాయి.

కంప్యూటర్ల విషయంలో మూడో కారణం కూడా ఉంది. అది న్యాయమైనదే. ఒకదానికోసం రాసిన ప్రోగ్రాం ఇంకోదానిలో నేరుగా నడవదు. ఏ యంత్రాన్ని ఎక్కువమంది వాడితే దానికే ఎక్కువ ప్రోగ్రాములు వస్తాయి. 1994లో కమొడోర్ కంపెనీ దివాలా తీసినప్పుడు దాని అమీగా కంప్యూటరును ప్రాణంగా చూసుకున్నవాళ్ళు దిక్కులేనివాళ్ళయ్యారు. కనుక తనవైపు మంది పెరగాలని అభిమాని ఆరాటపడడంలో స్వార్థం కొంత, భయం కొంత ఉన్నాయి.

ఈ నిప్పు మీద కిరసనాయిలు పోసేవే ప్రకటనలు. 1984 జనవరిలో మెకింటాష్‌ను విడుదల చేస్తూ ఆపిల్ ఒక ప్రకటన వేసింది. బానిసల్లా కూర్చున్న జనం ముందు తెర మీద ఒక నియంత మాట్లాడుతుంటాడు. ఒక యువతి పరుగున వచ్చి సుత్తి విసిరి ఆ తెరను పగలగొడుతుంది. నియంత ఎవరో చెప్పలేదు. ఐ.బి.ఎం. అని అందరికీ తెలుసు. అందులో కంప్యూటరు అసలు కనిపించదు, దాని వేగమెంతో ధర ఎంతో ఒక్క ముక్క లేదు! “నువ్వు బానిసవా, వీరుడివా?” అన్నదే ప్రశ్న. 2006 నుంచి 2009 దాకా నడిచిన మరో వరుసలో జీన్సు వేసిన కుర్రవాడు “నేను మ్యాక్‌ను” అంటే, సూటు తొడుక్కున్న ముద్దపప్పులాంటి మనిషి “నేను పి.సి.ని” అంటాడు. పోల్చింది యంత్రాలను కాదు, మనుషులను. అవమానం పడ్డది పెట్టె కాదు, దాన్ని కొన్నవాడు. వాడు ఊరుకుంటాడా మరి?

తెరవెనుక సంగతి చూడండి. 1998లో ఆపిల్ ఇంటెల్ వారి పెంటియం చిప్పును నత్త వీపు మీద పెట్టి ఎగతాళి చేసింది. 2006లో అదే ఇంటెల్ చిప్పులను తన కంప్యూటర్లలో పెట్టుకుంది. 1997లో ఆపిల్ కష్టాల్లో ఉన్నప్పుడు 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది ఎవరు? మైక్రోసాఫ్ట్! ఆ వార్త చెప్పిన సభలో అభిమానులు గేలి చేశారు. కంపెనీలు మాత్రం చేతులు కలిపాయి. “నేను మ్యాక్‌ను” అన్న ఆ నటుడే 2021లో ఇంటెల్ ప్రకటనల్లో కనిపించి పి.సి.లను పొగిడాడు. మైక్రోసాఫ్ట్ 1998లో, ఆపిల్ 2016లో మన హైదరాబాదులోనే అభివృద్ధి కేంద్రాలు తెరిచాయి. ఒకదానిలోంచి ఇంకోదానికి మారిన ఇంజనీరును ఎవరూ ద్రోహి అనరు. ద్రోహమంతా హాస్టలు గదుల్లోనే!

ఇదంతా నవ్వి ఊరుకునేదైతే నేను ఇంత రాయకపోదును. ఊరినుంచి పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్న ఒక జూనియర్ తమ్ముడు, తోటివాళ్ళ ఎగతాళి పడలేక రెండు వారాలు ప్రాక్టికల్స్‌కే రాలేదు. మన సిలబస్సులోని ప్రోగ్రాములన్నీ అతని పెట్టె మీద శుభ్రంగా నడుస్తాయి. అయినా కొత్తది కొనివ్వమని ఇంటికి ఫోను చేశాడు. అతను అడిగిన యంత్రం ధరకు మా దిక్కు మంచి పాడిబర్రె వస్తుంది. బర్రె ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది. ఆ ఎగతాళి ఖరీదు కట్టేది తండ్రి.

కనుక మిత్రులారా, కొనేముందు నాలుగే ప్రశ్నలు వేసుకుందాం. నాకు ఏ పని ఉంది? ఆ పనికి కావలసిన ప్రోగ్రాం దీనిలో నడుస్తుందా? చెడిపోతే దగ్గరలో బాగుచేసేవాడున్నాడా? మొత్తం ఖర్చెంత? మా పెద్దనాయిన, మేనమామ కూడా ఎంత వాదించుకున్నా, షోరూముకు పోయే ముందు అడిగేవి ఈ ప్రశ్నలే. దుక్కి రోజున ఒకరి బండి ఆగిపోతే రెండో ఆయన తన బండి తోలుకొని వస్తాడు, రంగు చూడడు. మనం కూడా పరీక్షల ముందు రాత్రి పక్క గది వాడి పెట్టె మొరాయిస్తే, అది ఏ కంపెనీదని అడగకుండా మనది వాడి చేతికిద్దాం.