ఇంటిలోని విద్యుద్వలయము

దీపము, పంకా, ఇస్త్రీపెట్టె, మిక్సీ మొదలగునవి ప్రతిదినమును మన చేతులమీదుగనే నడచుచున్నవి. అయినను మీట నొక్కినప్పుడు గోడలోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలము మన సోదరీమణులలో పలువురకు లేదు. అది మగవారి పని యని విడిచిపెట్టుచున్నారు. కాని తడిచేతులతో ఆ వస్తువులను ముట్టుకొనుచున్నది మనమే గదా! కావున నిందలి మర్మము ముందుగా తెలియవలసినదియు మనకే.

ఆ మర్మ మొక్కటే. విద్యుత్తు బయలుదేరినచోటికి మరల చేరుటకు ఎడతెగని త్రోవ యుండిననే ప్రవహించును. ఆ త్రోవకు వలయమని పేరు. అందు వెండ్రుకవాసి తెగినను ప్రవాహమంతయు నిలిచిపోవును.

దీనిని చేసి చూచుటకు 1.5 వోల్టుల టార్చి సెల్లొకటి, పాతరకపు చిన్న టార్చి బల్బొకటి, చివరల తొడుగు గీకిన రాగితీగలు రెండు చాలును. పిల్లలు తొలుత ఒక్క తీగతోనే బల్బును వెలిగింప జూతురు. వెలుగదు. బల్బునకు అడుగున నొక బొట్టు, ప్రక్కన లోహపు తొడుగు ఉన్నవి. సెల్లు ఒక కొననుండి వచ్చిన తీగ బొట్టునకును, రెండవ కొననుండి వచ్చినది తొడుగునకును తగులవలెను. అప్పుడు సన్నగానైనను వెలుగును. ఇప్పుడొక తీగను నడుమ కత్తిరించి, ఆ కొనలు రెంటిని పిన్నీసుతో కలుపుడు. పిన్నీసు తగిలిన వెలుగు, తీసిన చీకటి. గోడమీది స్విచ్చి చేయుపని యింతకంటె వేరు కాదు. నడుమ బల్బు లేకుండ సెల్లు రెండు కొనలను తీగతో కలుపరాదు. తీగ వేడెక్కి చేయి కాలును. గోడ ప్లగ్గుతో నీ యాట ఎన్నడును ఆడరాదని పిల్లలకు మొదటనే చెప్పవలెను.

పిన్నీసునకు బదులు బంగారుగాజు నుంచిన బల్బు వెలుగును. మట్టిగాజు నుంచిన వెలుగదు. స్టీలుగరిటె పనికివచ్చును, కొయ్యతెడ్డు పనికిరాదు. ఇక తీగకొనలు రెంటిని ఎడముగా ఉప్పునీటిలో ముంచి చూడుడు. బల్బు వెలుగదు. ఇంతమాత్రముచేత నీరు విద్యుత్తును పోనీయదనుకొనుట మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ. నీటిగుండ ప్రవాహము పోవుచునే యున్నది. బల్బును వెలిగించుటకది చాలదు, అంతే. మనుష్యుని ప్రాణము తీయుటకు బల్బునకు కావలసినంత ప్రవాహ మక్కరలేదు. ఆంపియరులో నూరవవంతులు కొన్ని గుండెమీదుగా పోయిన చాలును.

జర్మను శాస్త్రజ్ఞుడగు ఓమ్ 1827లో ప్రకటించిన లెక్క ననుసరించి, వోల్టులను నిరోధముచేత భాగించిన ప్రవాహము వచ్చును. చర్మము పొడిగా నున్నప్పుడు శరీరపు నిరోధము హెచ్చు. తడిసిన నది సుమారు 1000 ఓములకు దిగవచ్చును. సెల్లు 1.5 వోల్టులే గనుక దానివలన పోవునది 0.0015 ఆంపియరు; మనకు తెలియనుగూడ తెలియదు. ఇంటికి వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. అప్పుడు 0.23 ఆంపియరు. తడిచేతితో స్విచ్చి ముట్టవద్దని పెద్దలు కసరుటకు కారణమిదియే.

పెండ్లిపందిళ్లలో కట్టు సీరియలు సెట్టులో బల్బులు ఒకదానివెంట నొకటి ఒకే త్రోవలో నుండును. అందుచేత నొకటి మాడిన ఆ వరుసయంతయు నారును. ఇంటిలో నట్లుగాక ప్రతి వస్తువునకును వేరు త్రోవ. వంటయింటి దీపము పోయినను పడసాల దీపము వెలుగుచునే యుండును. సదుపాయమే గాని, త్రోవలు పెరిగినకొలది వానికి మూలమైన తీగమీద భారము పెరుగును. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు, 1200 వాట్ల నీళ్లకెటిలు 5.2 ఆంపియర్లు లాగును. రెంటిని 6 ఆంపియర్ల పొడిగింపు బోర్డునకే తగిలించిన 9.5 అగును. బోర్డు వెచ్చబడి కమురువాసన కొట్టుట అందుకే.

అట్టి భారమునకు తాను ముందుగా కరిగి వలయమును తెంచునది ఫ్యూజు. అది మాటిమాటికి పోవుచున్నదని మందపు రాగితీగ చుట్టిపోవు పనివారు కలరు. అట్టివారిని మేము మెచ్చుకొనజాలము. ఫ్యూజు గాని, దాని స్థానమున వచ్చిన ఎంసీబీ గాని కాపాడునది తీగలను, మనుష్యులను గాదు. 0.23 ఆంపియరునకు అది కదలనైన కదలదు. మనుష్యులను కాపాడుటకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ యున్నది. పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన ప్రవాహమును ఇది సరిచూచుచుండును. ఆమాత్రము తేడా వచ్చినను రెప్పపాటులో వలయమును తెంచును.

ఆ తేడా యెచ్చటికి పోయినట్లు? భూమిలోనికి. వీధి ట్రాన్స్‌ఫార్మరు వద్ద రెండు తీగలలో నొకదానిని భూమికి కలిపియుందురు. అందుచేత రెండవ తీగను ముట్టి నేలమీద నిలిచినవారు తామే వలయములో భాగమగుదురు. ప్లగ్గులోని లావుపాటి మూడవకాలు ఇస్త్రీపెట్టె, గీజరు మొదలగువాని లోహపు ఒంటిని భూమికి కలుపుటకే యున్నది. ఒంటిలోనికి విద్యుత్తు చొరబడినచో, మనలనుండి గాక ఆ దారిని పోవును. సాకెట్టులో పట్టలేదని ఆ కాలు విరిచివేయుట తగదు.

మన పల్లెలలో ప్రతియేటను వానకాలమున వినవచ్చు దుర్మరణములకు మూలము ఇనుపతీగ దండెము. దానిని సర్వీసు తీగ ప్రక్కగనో, స్తంభమునకో కట్టుదురు. గాలికి ఒరసి ఒరసి తొడుగు చినుగును, దండెమంతయు విద్యున్మయమగును. తడిబట్ట, తడినేల, వట్టికాళ్లు. ఇల్లాలు చీర ఆరవేయబోయి పడిపోవును. పట్టుకొనవచ్చిన భర్తయో, బిడ్డయో వెంటనే పడును. కావున ఇనుపతీగను విప్పి నైలాను త్రాడు కట్టుడు; దానిని సర్వీసు తీగకును, స్తంభమునకును దూరముగా నుంచుడు. ఒకవేళ అట్టి యాపద కంటబడినచో మనుష్యుని ముట్టరాదు. ముందు మెయిను కట్టవలెను. మెయిను అందనిచో పొడిచోట నిలిచి పొడి వెదురుకర్రతో తీగను తప్పించి, అటుపిమ్మటనే దగ్గరకు పోవలెను.