మీకు తెలుసా? స్టెల్వియో కనుమ దారి గుర్రపు బండ్ల కోసం పుట్టింది

ఉత్తర ఇటలీలో స్టెల్వియో జాతీయ ఉద్యానవనం 1935లో ఏర్పడింది. అందులోంచి కొండెక్కే రోడ్డు అంతకంటే వందేళ్లకు పైగా పాతది. లొంబార్డీని టైరోల్‌తో కలపడానికి ఆస్ట్రియా సామ్రాజ్యం 1820-25 మధ్య ఇంజనీరు కార్లో డొనెగాని చేత దీన్ని వేయించింది. అప్పటికి పెడల్ సైకిల్ ఇంకా పుట్టనే లేదు. అయినా ఈ దారి ఇవాళ సైక్లిస్టులకు ఇంత ప్రియమైనది కావడానికి ఆనాటి అవసరమే కారణమని నా అభిప్రాయం. బరువు లాగే గుర్రం నిట్టనిలువు కొండ ఎక్కలేదు. అందుకే ఒక్క ప్రాటో గ్రామం వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు తిప్పి వాలును తగ్గించారు.

సగటున ఏడు శాతం దాటే వాలు తేలికా అని ఎవరైనా అడగవచ్చు. కానే కాదు. సుమారు 24 కిలోమీటర్లలో 1,800 మీటర్లకు పైగా ఎక్కి, 2,757 మీటర్ల ఎత్తున్న కనుమను చేరడం ఎవరికైనా కఠినమే. కానీ కాళ్లను ఎక్కువగా అలసిపోయేలా చేసేది వాలు మాటిమాటికీ మారిపోవడం. ఇక్కడ ట్రఫోయ్ గ్రామం దాటాక వాలు పెద్దగా మారదు కాబట్టి ఊపిరిని ఒక లయలో పెట్టుకుని ఓపిగ్గా తొక్కవచ్చు. 1953 జిరో డి ఇటాలియా సైకిల్ పోటీలో ఫౌస్టో కోపి ఈ ఎక్కుడులోనే ప్రత్యర్థి హ్యూగో కోబ్లెట్‌ను వెనక్కి నెట్టి, మొత్తం పోటీలో ముందున్నవాడు తొడిగే గులాబీ జెర్సీ దక్కించుకున్నాడు.

రక్షిత అడవిలో ఇంతమంది రైడర్లా అన్న అభ్యంతరమూ ఉంది. కానీ అక్కడ పొగ, చప్పుడు మోటారు వాహనాలవి. ఏటా ఒక రోజు వాటిని ఆపి కనుమను సైకిళ్లకు వదులుతున్నారు. అలాంటి రోజులు ఇంకా పెంచాలి.