యుద్ధచిత్రం - చూసే చోటు

హైదరాబాదులోని ఫిలింనగర్‌కు గోలకొండ కోట ఎంతో దూరంలో లేదు. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకొన్న కోట అది. నేడు ఆ చేరువలోని సినిమా కార్యాలయాలలో యుద్ధ సన్నివేశాలు మొదట కాగితంపై బొమ్మలుగా రూపొందుతాయి. చిత్రీకరణకు ముందు వరుసగా గీయించే ఆ బొమ్మలను స్టోరీబోర్డు అంటారు. వాటిని గీసేవారు ముందుగా తేల్చుకోవలసినది ఒకటుంది. కెమెరా కొండపై నిలవాలా, నేలపై నిలవాలా?

పదిహేడవ శతాబ్దపు ఐరోపా చిత్రకారులకూ ఈ ప్రశ్న ఎదురైంది. 1618 నుండి 1648 వరకు సాగిన ముప్పై ఏండ్ల యుద్ధం అనేక గ్రామాలను బూడిద చేసింది. రాజులు మాత్రం తమ విజయాలను చిత్రింపజేసుకొన్నారు. 1625లో స్పెయిన్ సేనలకు లొంగిన బ్రేడా నగరాన్ని వెలాస్కెజ్ పెద్ద తైలవర్ణచిత్రంగా వేశాడు. అందులో విజేత ఓడినవాని భుజంపై మర్యాదగా చేయి వేస్తాడు. ఆ చిత్రం మాడ్రిడ్‌లో రాజప్రాసాదపు గోడకెక్కింది.

అదే ముట్టడిని జాక్ కాలో కూడా చిత్రించాడు. లొరైన్ ప్రాంతంలోని నాన్సీలో 1592లో జన్మించిన ఈయన రాగిరేకుపై పూత పూసి, సూదిమొనతో గీసి, ఆ గీతలను ఆమ్లంతో తినిపించి, సిరా నింపి అచ్చువేసేవాడు. ఒకే రేకు నుండి అనేక ప్రతులు వచ్చేవి. తైలవర్ణచిత్రం కొనలేని వారి ఇండ్లకూ అవి చేరగలిగేవి. బ్రేడా పాలకురాలు ఇసబెల్లా కోరికపై ఆరు పలకలలో వేసినది. పక్షి కంటికి కనబడినట్లుండే ఆ చిత్రంలో సైనికులు చీమలబారులు.

1633లో ఆయన చేయి నేలకు దిగింది. ఆ ఏడు వెలువడిన ‘యుద్ధ దురవస్థలు’ పదునెనిమిది చిన్న చిత్రాలు. ఒక్కొక్కటి జానెడు వెడల్పయినా లేదు. రైతు ఇల్లు దోచే సైనికులు, ఒకే చెట్టుకు గుత్తులుగా వ్రేలాడే శవాలు, కాళ్ళు పోయి దేకుతున్నవారు, కసితో తిరగబడిన పల్లెజనం వాటిలో కనబడతారు. అయితే చివరి చిత్రంలో ప్రభువు మంచి సైనికులకు బహుమతులు పంచుతాడు. కాలో యుద్ధాన్నే నిరాకరించాడని చెప్పడం తొందరపాటే. ఆ ఏడే ఫ్రెంచి సేనలు ఆయన నాన్సీని ఆక్రమించాయి.

ఆ 1633లోనే దక్కనులో మొగలు సేనలు దౌలతాబాదును పట్టుకొన్నాయి. షాజహాను ఆస్థాన చరిత్ర పాద్‌షానామాలో ఆ ముట్టడి చిత్రం ఉంది. అదీ విజేత కొలువు కోసం వేసినదే.

తెలుగు తెరపై ఈ రెండు చూపులూ ఒకే యుద్ధంలో కలిసిన సందర్భం 2015 నాటి ‘బాహుబలి’. త్రిశూల వ్యూహాన్ని పైనుండి చూసినప్పుడు సేన ఒక ఆకారం మాత్రమే. కాలకేయులు బందీలను ముందు నిలిపినప్పుడు వారి ముఖాలు కనబడతాయి. భల్లాలదేవుని రథం వారిని తొక్కుకొంటూ పోతుంది. బాహుబలి తాళ్ళు విసిరించి, వారిని నేలకు పడవేసి రక్షిస్తాడు. కాలకేయుణ్ణి చివరికి చంపినది భల్లాలదేవుడైనా, శివగామి సింహాసనాన్ని బాహుబలికే ఇస్తుంది.