వసతి గృహములో విద్యార్థి నాయకత్వము

బిడ్డకు విశ్వవిద్యాలయములో సీటు లభించినదను సంతోషముతో హాస్టలులో చేర్చి, సెలవు పుచ్చుకొనుచు తల్లిదండ్రులు సాధారణముగా చెప్పు హితవు ఒకటి కలదు: "నీ చదువు నీవు చూచుకొనుము, కమిటీల జోలికి పోవలదు." ఈ మాటలో ప్రేమయు ఉన్నది, కొంత న్యాయమును ఉన్నది. కాని వసతి గృహము నడచు తీరును గమనించినచో ఈ హితవును కొంత సవరింపవలసి యుండునని మా అభిప్రాయము.

వసతి గృహమునకు పెద్ద వార్డెను. ఆయనకును విద్యార్థులకును నడుమ కొందరు ప్రతినిధులుందురు. ఒకచోట వారిని ప్రిఫెక్టులందురు. మరియొకచోట మెస్సు కార్యదర్శి, ఆటల కార్యదర్శి, పఠన మందిర కార్యదర్శి అని వేరువేరు పదవులుండును. కొన్నిచోట్ల ఎన్నిక, కొన్నిచోట్ల నియామకము. వీనిలో బరువైనది మెస్సు పని.

పెక్కు హాస్టళ్లలో భోజనపు ఖర్చును అందరును పంచుకొందురు. నెల ఖర్చును మొత్తము భోజన దినములచే భాగించి, ఎవరు ఎన్ని దినములు భుజించిరో వారికంత బిల్లు వేయుదురు. ఉదాహరణమునకు, 200 మంది 30 దినములు భుజించినచో 6,000 భోజన దినములగును. ఖర్చు 6 లక్షల రూపాయలైనచో దినమునకు 100 రూపాయలు పడును. ఇరువదిమంది ముందుగా చెప్పక పది దినములు ఊరికి పోయిరనుకొందము. వారి పాలు వంట వృథాయగును, ఖర్చు తగ్గదు. దినములు మాత్రము 5,800 అగుటచే మిగిలినవారి దినవెల 103 రూపాయలు దాటును. అట్లే సరకుల తూకములోను, వృథాలోను నెలకు 30 వేల రూపాయలు పోయినచో, ఒక్కొక్కని నెత్తిన 150 రూపాయల భారము పడును. ఇది కొందరికి స్వల్పము. ఉపకార వేతనము ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచు విద్యార్థికి, కూలిచేసి చదివించు తండ్రికి స్వల్పము కాదు. వారి పక్షమున తూకము చూచువాడే నిజమైన నాయకుడు.

రెండవ కర్తవ్యము క్రొత్తగా వచ్చినవారి రక్షణ. ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో చట్టము చేసినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనల ననుసరించి, ర్యాగింగు నిరోధక సంఘములో క్రొత్త విద్యార్థులకును, పై తరగతులవారికిని ప్రాతినిధ్యముండవలెను. ఆరుగురు క్రొత్తవారికి ఒక మార్గదర్శి చొప్పున ఏర్పాటు చేయవలెను. అయినను, రాత్రివేళ భయపడిన పిల్లవాడు మొదట తట్టునది ప్రక్కగది తలుపే గదా!

వసతి గృహములు చరిత్రలోను స్థానము సంపాదించుకొన్నవి. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరము పాడుటను అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెచేసి బహిష్కృతులైరి; వారిలో ననేకులు నాగపురము పోయి అక్కడి విశ్వవిద్యాలయములో చదువు కొనసాగించిరి. నాయకత్వమునకు కొన్నివేళల వెల చెల్లింపవలసివచ్చునని దీనివలన తెలియుచున్నది.

చదువు పాడగునను తల్లిదండ్రుల భయమును పెద్దలు గుర్తింపకపోలేదు. విద్యార్థి ఎన్నికలపై లింగ్డో సంఘము 2006లో చేసిన సిఫారసులను సుప్రీంకోర్టు ఆ సంవత్సరమే అమలుచేయుమని ఆదేశించినది. వీని ప్రకారము అభ్యర్థికి 75 శాతము హాజరుండవలెను. తప్పిన పరీక్షలు మిగిలియుండరాదు. ఎన్నికల ఖర్చు 5,000 రూపాయలు మించరాదు.

ఆసక్తిగల విద్యార్థి ఎన్నికతోనే ఆరంభింపనక్కరలేదు. ఒక నెల మెస్సు కమిటీలో వంతు తీసికొని, సరకులు దిగునప్పుడు దగ్గరనుండి తూకము చూచుట, నిల్వల పుస్తకముతో సరిపోల్చుట, నెల చివర లెక్కను అందరికి కనబడునట్లు పలకపై అంటించుట చాలును. డబ్బు ఒక్కని చేతిలో ఉండరాదు. నీళ్లు రాలేదనియు, బాలికల హాస్టలు త్రోవలో దీపము వెలుగుటలేదనియు ఫిర్యాదు చేయునపుడు తేదీయు, వేళయు వ్రాసి ఇచ్చినచో, కేకలకంటె అది ఎక్కువ ఫలించును. పొయ్యియొద్ద నిలుచు వంటవారిని పెద్దలుగా మన్నించి మాటలాడుటయు నాయకత్వములోని భాగమే.

కావున ఈసారి బిడ్డను సాగనంపునప్పుడు, "ఏ కమిటీలోను చేరవలదు" అనుటకు మారుగా ఇట్లు చెప్పుడు: "చదువునకు అడ్డురాని పని ఒక్కటి తీసికొనుము, దాని లెక్క నెలనెల నలుగురికి చూపుము."