గిరగిర బిళ్ళలు – పుట్టినరోజు కానుకలు

పేరంటానికి వచ్చినవారిని శనగలూ తాంబూలమూ యివ్వకుండా పంపడం మన యిండ్లలో లేదు. పుట్టినరోజుకు వచ్చిన పిల్లల చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టి పంపాలనే ఆచారం యిప్పుడు మా సోమందేపల్లె దాకా వచ్చింది. మంచిదే. కాని ఆ పెట్టేది సాయంత్రానికే విరిగిపోయే ప్లాస్టిక్ సామాను కావడమే నాకు నచ్చదు. చెక్కబిళ్ళలు పిల్లలచేతనే చేయించి చూడండి.

కర్ర కోసం చెట్టు కొట్టనక్కరలేదు. దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాలలో మా ఉమ్మడి అనంతపురం ఒకటి. యిక్కడ పచ్చని కొమ్మ మీద రంపం పెట్టడానికి నాకు చేతులు రావు. వంటచెరకు దొంతరలో బాగా ఎండిన వేపకొమ్మ, రెండంగుళాల మందానిది, ఒకటి చాలును. పచ్చికొమ్మ కోస్తే బిళ్ళ ఎండేటప్పుడు పగులుతుంది కూడా. గన్నేరు మాత్రం ముట్టవద్దు. అది నిలువెల్లా విషం.

పావంగుళం మందాన బిళ్ళలు కోయడం, బరమాతో బెజ్జాలు వేయడం పెద్దల పని. నడిమధ్యకు రెండు వైపులా సమదూరంలో రెండు బెజ్జాలు వుండాలి. ఒకటి పక్కకు జరిగిందో, బిళ్ళ తిరగదు, తడబడుతుంది. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం పిల్లల వంతు. బారెడు నూలుదారం రెండు బెజ్జాలలోంచి తీసి కొసలు ముడివేసి, రెండు చేతులా పట్టుకొని పది చుట్లు తిప్పి లాగితే బిళ్ళ బుయ్యిమని పాడుతుంది. దారం పురి విప్పుకొన్నాక బిళ్ళ ఆ వేగంతోనే మళ్ళీ ఎదురు పురి పెడుతుంది. అందుకే ఆట ఆగదు.

అసలు సంగతి రంగు. చంటిపిల్లలు చేతికందినదల్లా నోట పెడతారు గదా! తలుపులకు వేయగా మిగిలిన పాత డబ్బా రంగు వాడరాదు. యిండ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులోగాని అమలుకు రాలేదు. అంతకు ముందటి డబ్బాలో ఏమున్నదో ఎవరికి తెలుసు? సీసం పసివాళ్ళ మెదడుకు చేటు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, రంగు కలిపిన లక్కను ఆ తిరుగుడు వేడికే కరిగించి బొమ్మలకు పట్టిస్తారు. అక్కడ చెట్ల రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే.

మనకు తరిణి లేదు, లక్క లేదు, పసుపు వున్నది. కొమ్ములు తెచ్చి దంచుకోండి, అంగడి పొడిలో సీసపు రంగు కల్తీ చేసేవారున్నారు. పసుపునీళ్ళు పూసిన బిళ్ళ మీద సున్నపుతేట అద్దితే పారాణి ఎరుపు తేలుతుంది. పిల్లలు కేరింతలు కొట్టేది అక్కడే! కళ్ళలో పడకుండా సున్నం మాత్రం మీరే అద్దాలి. ఆ ఎరుపు కొన్నాళ్ళకు వెలుస్తుంది, వెలవనీయండి. పైన అవిసెనూనె పలచగా రుద్దితే ఆరి గట్టిపడుతుంది. మన వేరుశనగ నూనె అట్లా ఆరదు, జిడ్డుగా వుండిపోతుంది. అవిసెనూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, తనంత తానే అంటుకోగలదు, విప్పి ఆరవేయండి.

మూడేళ్ళలోపు పిల్లలకు దారం వద్దు. వారికి గుప్పిట పట్టనంత పెద్ద బిళ్ళ, నున్నగా రుద్దినది, చాలును.

పదిమంది వస్తారనుకుంటే పధ్నాలుగు చేయించండి. రెండు పగులుతాయి, పిలవని పొరుగింటి పిల్ల ఒకతె వస్తుంది, చివరిది యివ్వనని చేసినవాడే మారాం చేస్తాడు.