గాలానికో చేప, సుత్తికో చేపబల్లి

ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున లైమ్ రీజిస్ అని చిన్న రేవు ఊరు. వేసవిలో అక్కడ పడవెక్కి గాలం వేస్తే మాకెరల్ చేప పడుతుంది. చలికాలంలో, తుపాను వెలిసిన మర్నాడు సుత్తి చేతబట్టి కొండచరియ కింద తిరిగితే సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందటి చేప దొరికినా దొరుకుతుంది. ఒకటి కూరకు, ఇంకొకటి మ్యూజియానికి. ఆ ఊళ్ళో వీధిదీపాలను కూడా చుట్టచుట్టుకున్న అమ్మొనైట్ శిలాజం ఆకారంలోనే పోత పోయించారు. రాళ్ళ పిచ్చి అంత ముదిరిన ఊరన్నమాట!

మైలుకు ఇరవై లక్షల ఏళ్ళు

డెవన్‌లోని ఎక్స్‌మత్ నుంచి డోర్సెట్‌లోని ఓల్డ్ హ్యారీ రాళ్ళ దాకా ఉన్న 95 మైళ్ళ ఒడ్డుకు ‘జురాసిక్ తీరం’ అని పేరు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి రాతిపొరలు తూర్పుకు వాలి ఉంటాయి. అందుకని పడమటి నుంచి తూర్పుకు నడుస్తూ పోతే కాళ్ళ కింద కాలం ముందుకు జరుగుతూ ఉంటుంది. మొత్తం 18.5 కోట్ల ఏళ్ళ చరిత్ర ఆ ఒడ్డునే పరిచి ఉంది. సగటు తీస్తే మైలుకు దాదాపు 20 లక్షల ఏళ్ళు. పొద్దున్నే పడమట ట్రయాసిక్ యుగంలో టీ తాగి బయల్దేరిన వాడు తూర్పున క్రెటేషియస్ యుగం చేరేసరికి ఎన్ని జతల చెప్పులు అరుగుతాయో!

పిడుగు తప్పిన పాప

1800లో లైమ్ ఊరి దగ్గర పిడుగు పడింది. చెట్టు కింద నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. వాళ్ళలో ఒకామె చంకనున్న పసిపాప మాత్రం బతికింది. ఆ పాప పేరు మేరీ ఆనింగ్. తండ్రి వడ్రంగి. సెలవులకొచ్చే పట్నవాసులకు రాళ్ళలో దొరికే వింతలు అమ్మి నాలుగు డబ్బులు చేసుకునేవాడు. 1810లో అప్పులు మిగిల్చి ఆయన పోయాడు. ఆ మరుసటి ఏడు మేరీ అన్న జోసెఫ్ చరియలో నాలుగడుగుల పుర్రె ఒకటి చూశాడు. 1812లో మిగతా ఒళ్ళంతా వెతికి పట్టింది మేరీ. అప్పటికి ఆ పిల్లకు పన్నెండు, పదమూడేళ్ళు. ఊళ్ళో జనం మొసలి అనుకున్నారు. అది ఇక్తియోసార్. ఆ మాటకు అర్థమే ‘చేపబల్లి’. దాన్ని ఊరి జమీందారు 23 పౌన్లకు కొన్నాడు. చేతులు మారి మారి చివరికి బ్రిటిష్ మ్యూజియం చేరింది.

మేరీ వెంట ట్రే అనే కుక్క తిరిగేది. 1833లో చరియ విరిగి ఆమె కళ్ళముందే, కాళ్ళ దగ్గరే దాని మీద పడింది. 2022లో ఊళ్ళో మేరీ విగ్రహం పెట్టినప్పుడు పక్కనే ట్రేను కూడా నిలబెట్టారు. ఆ విగ్రహం కావాలని పట్టుబట్టి ఉద్యమం మొదలెట్టింది ఒక బడిపిల్ల.

అసలు జాలరి ఎవరు?

చేపబల్లుల అస్థిపంజరాల పొట్ట భాగంలో మేరీకి ఉండలు ఉండలుగా రాళ్ళు కనిపించేవి. పగలగొట్టి చూస్తే లోపల చేపల ఎముకలు, పొలుసులు. ఆమె గమనించిన ఈ సంగతి పట్టుకుని విలియం బక్‌లాండ్ అనే పండితుడు 1829లో తేల్చిందేమిటంటే, అవి రాయిగా మారిన పెంట! వాటికి ‘కోప్రోలైట్’ అని పేరు కూడా పెట్టాడు. అంటే ఈ రేవులో మనుషుల కన్నా చాలా ముందే చేపల వేట సాగిందనీ, వేటగాళ్ళు తిన్నదానికి లెక్క వదిలిపోయారనీ తేలింది. చీకటి నీళ్ళలో వేటాడేందుకు కొన్ని జాతుల చేపబల్లులకు 20 సెంటీమీటర్లు దాటిన కళ్ళుండేవి. మన భోజనం పళ్ళెంలో ముప్పావు వంతు.

బక్‌లాండ్ గారు అలాంటి పెంటరాళ్ళను కోసి, నున్నగా నూరించి, బల్లకు పైపలకగా పొదిగించుకున్నాడు. ఆ బల్ల ఇప్పుడు లైమ్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం కట్టింది మేరీ ఇల్లున్న చోటే.

సిరా ఆరలేదు

బెలెమ్నైట్ అని తూటా ఆకారంలో ఉండే శిలాజం అక్కడ కుప్పలు. పిడుగు పడ్డ చోట నేలలో దిగబడే ములుకులివి అని ఒకప్పటి జనం నమ్మకం. మనకు పిడుగురాళ్ళ అని ఊరి పేరే ఉంది కనుక ఆ నమ్మకాన్ని చూసి నవ్వే హక్కు లేదు. నిజానికి ఇవి నేటి కటిల్‌ఫిష్‌కు దాయాదులు. ఆయుర్వేద దుకాణాల్లో ‘సముద్రపు నురుగు’ అంటూ తెల్లగా, తేలిగ్గా అమ్మే బిళ్ళ ఉంటుందే, అది కటిల్‌ఫిష్ ఒంట్లోని పెంకు. బెలెమ్నైట్ తూటా కూడా అలాంటిదే. కొన్నిటిలో సిరాసంచి కూడా చెడకుండా రాయైపోయింది. మేరీ స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్ ఆ ఎండిన సిరాను నూరి, నీళ్ళు కలిపి, కలం ముంచి చేపబల్లుల బొమ్మలు గీసింది. ప్రాణి ఆ కాలానిదే, సిరా ఆ కాలానిదే. కాగితం ఒక్కటే కొత్తది.

అక్కడ శాపం, ఇక్కడ చక్రం

అమ్మొనైట్ చుట్టలను చూసి ఉత్తర ఇంగ్లండులోని విట్‌బీ జనం, సెయింట్ హిల్డా అనే సన్యాసిని శపిస్తే పాములు రాళ్ళయ్యాయని చెప్పుకున్నారు. మరి తలలేవి? అమ్మేవాళ్ళు తెలివైనవాళ్ళు, ఉలితో తలలు చెక్కి మరీ అమ్మారు. అదే కోవ శిలాజం నేపాల్‌లో కాళీ గండకి ఏట్లో నల్లటి గుండ్రాళ్ళ లోపల దొరుకుతుంది. అది కూడా జురాసిక్ కాలానిదే. దాన్ని మనం పాము అనలేదు, విష్ణుచక్రం అన్నాం. పంచపాత్ర పక్కన పీట వేసి కూర్చోబెట్టి రోజూ నీళ్ళు పోస్తున్నాం. లైమ్ ఒడ్డున పిల్లలు జేబుల్లో పోసుకునే రాళ్ళకు, మన పూజగదిలోని సాలగ్రామానికి చుట్టరికం అంత దగ్గరిది.

వంకర తిరిగిన గ్రిఫియా అనే పాతకాలపు ఆల్చిప్పను మాత్రం ఇంగ్లండువాళ్ళు ‘దయ్యం కాలిగోరు’ అన్నారు. చూస్తే కాదనలేం.

చీకట్లో చేతికి తెలిసే ఊరు

లైమ్‌కు తూర్పున చెసిల్ బీచ్ ఉంది. 18 మైళ్ళ పొడవున గులకరాళ్ళ గట్టు. పడమటి కొసన వెస్ట్ బే దగ్గర రాళ్ళు బఠాణీ గింజంత. పోర్ట్‌లాండ్ చేరేసరికి బంగాళదుంపంత. మధ్యలో క్రమం తప్పకుండా పెరుగుతూ పోతాయి. ఎవరో జల్లెడ పట్టినట్టు అలలే వాటిని వేరుచేశాయి. రాత్రిపూట పొగమంచులో ఒడ్డెక్కిన జాలర్లు, దొంగసరుకు దించేవాళ్ళు గుప్పెడు రాళ్ళు తీసి తడిమి ఎక్కడున్నామో చెప్పేసేవారట.

ఆ గట్టు ఎంత నిటారుగా ఉంటుందంటే మామూలు పడవను అలలో తిప్పడం ప్రాణాల మీదికొస్తుంది. అందుకే అక్కడి పాత పడవ ‘లెరెట్’కు రెండు కొసలూ మొనదేరి ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఏది ముందో వచ్చేటప్పుడు అది వెనక. వేట పద్ధతి వింటే మన ఉత్తరాంధ్ర వాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు. వల తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉండేది. పడవ అర్ధచంద్రంలా వల వదులుతూ చేపలగుంపును చుట్టి తిరిగి ఒడ్డుకొచ్చేది. రెండు తాళ్ళూ పట్టి అందరూ కలిసి లాగేవారు. అచ్చం అలివి వలే.

ఈకతో మోసం

మాకెరల్‌కు ఎర అక్కర్లేదు. వరసగా నాలుగైదు గాలాలకు తెల్లటి ఈకలు కట్టి నీళ్ళలో ఎత్తి దించుతుంటే చాలు, చిరుచేపల గుంపనుకుని మింగేస్తుంది. దానికి ఒంట్లో గాలితిత్తి లేదు. ఈదడం ఆపితే మునుగుతుంది. ఊపిరి కోసం కూడా ఈదుతూనే ఉండాలి. వేసవి సాయంత్రాల్లో అది తరిమే తరుముడికి చిరుచేపలు నీళ్ళు వదిలి చెసిల్ గులకరాళ్ళ మీదికి ఎగిరిపడతాయి. అప్పుడు గాలం కూడా అక్కర్లేదు, బుట్ట చాలు.

పేరెత్తకూడని జంతువు

పోర్ట్‌లాండ్ రాతి గనుల ద్వీపం. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చికి రాయి అక్కడిదే. ఆ ద్వీపంలో కుందేలు అనే మాట ఎత్తకూడదు. బొరియలు తవ్వి క్వారీ గోడలు కూలదోస్తుందని పనివాళ్ళ భయం. 2005లో కుందేలు కథతో వాలెస్ అండ్ గ్రోమిట్ సినిమా వస్తే, ఆ ద్వీపం కోసం ఆ మాట లేకుండా వేరే పోస్టర్లు వేశారు. రాత్రిపూట పామును ‘పురుగు’ అనే మనకు ఇది వింతేమీ కాదు.

జారిపోయిన పొలంలో కోత

1839 క్రిస్మస్ ముందురోజు లైమ్‌కు పడమట బిండన్ దగ్గర కొండ అమాంతం సముద్రం వైపు జరిగిపోయింది. వెనక పెద్ద అగాధం, ముందు తెగిపోయిన ముక్క. ఆ ముక్క మీద విత్తిన గోధుమ పైరు అలాగే నిలబడి ఉంది! చూడ్డానికి జనం ఓడలేసుకుని వచ్చారు. ఒకాయన ‘లాండ్‌స్లిప్ క్వాడ్రిల్’ అని నాట్యసంగీతం కట్టాడు. 1840 ఆగస్టులో ఆ పైరు పండితే, కోతను వేడుకలా చేశారు. పక్క ఊరి చర్చి ఫాదరు విలియం కోనిబేర్, మన పెంటబల్ల బక్‌లాండ్ ఇద్దరూ భూవిజ్ఞానులే. పిలవకుండానే వాళ్ళ గుమ్మంలోకి వచ్చిన సంఘటన అది. కూర్చుని వివరంగా రాసిపెట్టారు.

ఆ కొండలు ఇప్పటికీ కుదురుగా లేవు. 2008 మేలో లైమ్‌కు, చార్‌మత్‌కు మధ్య సుమారు 400 మీటర్ల మేర చరియ జారింది. శిలాజాల కోసం వెళ్ళేవాళ్ళు సముద్రం ఆటు మీదున్నప్పుడే, అంటే నీరు తీస్తున్నప్పుడే బయల్దేరతారు. పోటు మొదలయ్యేలోపు వెనక్కి రాకపోతే ముందు నీళ్ళు, వెనక జారే కొండ.

ప్లంబరు, కాఫీ హోటలాయన

కిమ్మరిడ్జ్‌లో 2016లో తెరిచిన శిలాజాల మ్యూజియం, స్టీవ్ ఎచెస్ అనే ప్లంబరు జీవితమంతా ఏరుకొచ్చిన రాళ్ళది. 2022లో ఆ ఒడ్డునే ఒక బలమైన ముట్టె దొరికింది. మిగతా తల ఎక్కడుందో డ్రోన్ ఎగరేసి చరియ మధ్యలో కనిపెట్టారు. తాళ్ళకు వేలాడుతూ చెక్కి తీశారు. రెండు మీటర్ల పుర్రె, 130 పళ్ళు. ప్లయోసార్ అనే సముద్ర రాక్షసి. అంతకు ముందు వేమత్ దగ్గర దొరికిన ఇంకో ప్లయోసార్ పుర్రె 2.4 మీటర్లు. దాని ముక్కలు ఏళ్ళ తరబడి ఏరి కూడబెట్టింది ఒడ్డున కాఫీ హోటల్ నడిపే ఆయన. ఈ తీరంలో దొరికిన పెద్ద పెద్ద శిలాజాల వార్తల్లో ప్రొఫెసర్ల పేర్లు రెండో పేరాలో వస్తాయి.

ఒకదాన్ని వదలాలి, ఇంకోదాన్ని ఏరాలి

ఇంగ్లండులో 42 సెంటీమీటర్లు లేని సీబాస్ చేపను మళ్ళీ నీళ్ళలోకి వదలాలి. వీపు పెంకు 87 మిల్లీమీటర్లు లేని లాబ్‌స్టర్‌నూ అంతే. గుడ్లున్న ఆడదాన్నయితే ఎంత పెద్దదైనా ముట్టకూడదు. 2008లో లైమ్ అఖాతంలో 200 చదరపు కిలోమీటర్లకు పైగా మేర, అడుగును గీకే ట్రాల్ వలలు నిషేధించారు. శిలాజాల దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. చరియ నుంచి ఊడిపడ్డ రాయిని ఎవరూ తీయకపోతే నాలుగు పోట్లకు అల దాన్ని పిండి చేసేస్తుంది. అందుకే చార్‌మత్ వైపు కింద పడ్డవి ఏరుకోనిస్తారు. చరియను తవ్వడం మాత్రం కూడదు. అరుదైనది దొరికితే అక్కడి సందర్శకుల కేంద్రంలో రాయించాలి.

గోదావరి లోయలో ఆ రోజుల్లో

లైమ్ సముద్రంలో చేపబల్లులు తిరిగిన జురాసిక్ తొలిరోజుల్లోనే, దాదాపు అటూ ఇటూగా, మన ప్రాణహిత-గోదావరి లోయలో పొడుగు మెడ డైనోసార్లు మేస్తున్నాయి. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో పి. యాదగిరి ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. టిక్కెట్టు కొని చూడొచ్చు, ఇంగ్లండు వీసా అక్కర్లేదు.

పారిస్ పండితుడు, విశాఖ చేప

1823 డిసెంబరులో మేరీకి మరో వింత దొరికింది, పాములాంటి మెడ ఉన్న ప్లీసియోసార్. పారిస్‌లో జార్జ్ క్యువియే బొమ్మ చూసి, మెడలో ఇన్ని పూసలా, ఇదేదో అతుకుల బొంత అన్నట్టు అనుమానపడ్డాడు. ఆనాడు ఆయన మాటంటే వేదం. మేరీ బేరం మునిగేదే. 1824 ఫిబ్రవరి 20న లండన్ జియలాజికల్ సొసైటీలో కోనిబేర్ ఆ అస్థిపంజరం గురించి ప్రసంగించి నిజమైనదేనని నిలబెట్టాడు. తొలిసారి ఒక డైనోసార్‌ను, మెగలోసారస్‌ను, బక్‌లాండ్ శాస్త్రలోకానికి పరిచయం చేసింది కూడా ఆ సాయంత్రమే. తవ్వి తీసిన మేరీ పేరు కోనిబేర్ ఎత్తలేదు. ఆ సొసైటీ ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకుంది 1919లో. మేరీ 1847లోనే పోయింది.

ఇదే క్యువియేకు మన ఒడ్డుతో ఒక బాకీ ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలకు బొమ్మలు వేయించి, అక్కడివాళ్ళు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అందులో ఒకటి ‘కానగుర్త’. క్యువియే 1816లో శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు లాటిన్ మాట కోసం వెతక్కుండా దాన్నే తీసుకున్నాడు. నేటికీ మన మాకెరల్ పేరు రాస్ట్రెలిజర్ కానగుర్తా, పక్కన క్యువియే, 1816 అని రాస్తారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో గంప ముందు కూర్చున్న మనిషిని ‘ఇదేం చేపమ్మా’ అని అడగండి. కానాగడతంటుంది, కానాగంతంటుంది, ఊరికో పలుకుబడి. ధర అడిగేలోపే సగం గంప అమ్ముడవుతుంది.